పైడినాయుడు పెట్టిన రాయి

అలా మొదలెట్టకమ్మా నీలిమా. 'దిబ్బ నాయుడు అబద్ధాలకోరు' అని హార్బరంతా అన్న మాటే మనమూ మొదటి వరసలో పెడితే ఇంక మిగతాది ఎవరు వింటారు? కొట్టెయ్. దిబ్బ ఉండేదని రాసుకో. సముద్రంలో ఉండేది. పైడినాయుడు దాని మీద కాళ్లు మోపి నిలబడ్డాడు, తాపీ పట్టి పని చేశాడు. అందులో అబద్ధం లేదు. అబద్ధం వేరేచోట ఉంది. అక్కడికొచ్చినప్పుడు చెబుతాను, తొందరపడకు.

పైడినాయుడంటే మీ నాయనమ్మకి సొంత తమ్ముడు, నాకు బావమరిది. వాళ్లది వ్యవసాయం. ఇప్పుడు ఉక్కు ఫ్యాక్టరీ ఉన్న వైపు వాళ్ల అయ్యకి కాస్త మెట్ట, దాని పక్కన జీడితోట ఉండేవి. ఫ్యాక్టరీకి భూములు తీసుకున్న ఏడు అవీ పోయాయి. తాతల నాటి నుంచి దున్నిన నేల, పట్టా ఉన్న నేల, ఒక కాగితం వచ్చేసరికి ఇంకొకరిదైపోయింది. వాళ్ల అయ్య ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి దూలంలో దోపి, బతికినన్నాళ్లూ దాన్ని మళ్లీ తీయలేదు. పైడినాయుడికి అప్పటికి పద్దెనిమిదేళ్లు. అరక పట్టాల్సిన చేత్తో తాపీ పట్టి విశాఖపట్నం వచ్చేశాడు. హార్బరు గోడల దగ్గర సిమెంటూ ఇసుకా మాలు కలిపాడు, పని నేర్చుకున్నాడు, ఆరేడేళ్లలో మేస్త్రి అనిపించుకున్నాడు. అతను పూత పూసిన గోడ మీద చెయ్యి పెడితే ఎక్కడా ఆగకుండా జారిపోయేది.

ఒక ఎండాకాలం కాంట్రాక్టరు వచ్చి, సర్కారు ఓడ మీద వారం రోజుల పని ఉంది, చిన్నదే, చేతిపని బాగా తెలిసినవాడు కావాలి అన్నాడు. పైడినాయుడు ఇంకో ఇద్దరు కూలీలతో ఎక్కాడు. సిమెంటు బస్తాలు, ఇసుక, కంకర, పునాది రాళ్లు, మంచినీళ్ల పీపాలు, ఒక పొడుగాటి ఇనప గొట్టం. ఎక్కడికో ఎవరూ చెప్పలేదు. ఓడ ఉత్తరంగా పోయింది. ఇద్దరు కూలీలూ వాంతులు చేసుకుంటూ పడుకుంటే, ఇతను మాత్రం అంచు పట్టుకుని నీళ్ల రంగు మారడం చూస్తూ కూర్చున్నాడు. నీలం పోయి ఆకుపచ్చ వచ్చింది, ఆకుపచ్చ పోయి బురదరంగు వచ్చింది. పెద్ద నది ఒకటి సముద్రంలో కలిసేచోటది.

ఆ ఓడలో సామాన్లు చూసే స్టోర్ కీపరు భీమశంకరరావు, గోదావరి జిల్లా మనిషి. ఆఫీసరు ఉత్తరాది వాడు. ఆఫీసరు చెప్పింది మేస్త్రికీ, మేస్త్రి చెప్పింది ఆఫీసరుకీ మార్చి చెప్పడం భీమశంకరరావు వంతు అయింది.

దిబ్బ అంటే ఏదో అనుకోకు. చుట్ట ఒకటి ముట్టించి నడక మొదలుపెడితే, అది ఆరిపోయేలోపు చుట్టి రావచ్చు. ఎప్పుడో పెద్ద తుపాను వచ్చి వెళ్లాక, ఆ నది మోసుకొచ్చిన మట్టి అక్కడ మేట వేసింది. చెట్టు లేదు, గుడిసె లేదు. పీతలు, పిట్టలు, కుళ్లిన నాచు వాసన. పైడినాయుడు దిగి కాలితో తొక్కి చూశాడు. మడమ లోతు దిగబడి, ఆ పైన గట్టిగా తగిలింది. ఇది ఏ ఊరని అడిగాడు. ఏ ఊరూ కాదన్నాడు భీమశంకరరావు. ఏ జిల్లా అన్నాడు. జిల్లా కూడా లేదు, ఇది ఇంకా ఎవరిదీ కాలేదు, అవతలి దేశం వాళ్లు వచ్చి మాది అనేలోపు మనది అనడానికి వచ్చాం అన్నాడు.

పని చెప్పారు. రొమ్ము ఎత్తు సిమెంటు దిమ్మ కట్టాలి, దాంట్లో గొట్టం నిలబెట్టాలి, గొట్టానికి జెండా. పైడినాయుడు గొయ్యి తవ్వించాడు, అడుగున మాలు పరిచాడు. పరిచి, తాపీ పక్కన పెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

నీకు తెలియదు కాబట్టి చెబుతున్నాను. మన మేస్త్రీలు మొదటి రాయి తమ చేత్తో పెట్టరు. గొయ్యి మేస్త్రి తవ్విస్తాడు, మాలు మేస్త్రి వేస్తాడు, అక్కడితో పక్కకి జరుగుతాడు. పసుపు రాసి రాయిని దింపేది ఇంటి యజమాని. ఎంత లేనివాడైనా, పాకకి గోడ కట్టుకునేవాడైనా, మొదటి రాయి మీద యజమాని చెయ్యి పడాలి. మేస్త్రి పెట్టేశాడంటే ఆ ఇల్లు మేస్త్రిదే అవుతుందని, కట్టించుకున్నవాడికి అచ్చిరాదని వాళ్ల పట్టింపు.

"యజమాని ఎవులు బాబూ? రాయి ఎవులెడతారు?" అని అడిగాడు పైడినాయుడు.

భీమశంకరరావు ఆ మాట ఆఫీసరుకి చెప్పాడు. ఆఫీసరుకి ముందు అర్థం కాలేదు, అర్థమయ్యాక నవ్వాడు, ఆ తర్వాత కోపం వచ్చింది. యజమాని సర్కారు, సర్కారుని పడవలో ఎక్కించి తీసుకురమ్మంటావా అన్నాడు. మరి మీరే పెట్టండన్నాడు ఇతను. ఆఫీసరు తన బూట్ల వైపు, ఆ బురద వైపు చూసుకుని వెనక్కి తగ్గాడు. అవతల పోటు ఎక్కుతోంది. ఇంకో గంటలో గొయ్యిలోకి నీళ్లొస్తాయి. ఎంత అరిచినా పైడినాయుడు తాపీ ముట్టుకోలేదు.

చివరికి భీమశంకరరావే తెగేసి చెప్పాడు. "నువ్వే పెట్టేయవయ్యా పైడినాయుడూ. పెట్టినవాడిదే ఈ దిబ్బ అనుకో. అడగడానికి ఇక్కడెవడున్నాడు గనక?"

ఆయన సరదాకే అన్నాడు. ఇతను మాత్రం కడిగిన చేతులు మళ్లీ కడుక్కున్నాడు. ఓడ వంటింట్లోంచి చిటికెడు పసుపు తెప్పించి రాయికి రాశాడు. తూర్పుకి తిరిగి, అయ్యని తలుచుకుని, రాయి దింపాడు. రాయి మాలులో కూర్చున్నప్పుడు చేతికి తెలిసే ఒక ఒత్తిడి ఉంటుంది. వందల ఇళ్ల పునాదుల్లో వేరేవాళ్ల చేతులకి తెలిసిన ఆ ఒత్తిడి తన చేతికి తెలిసింది ఆ ఒక్కసారేనని చెప్పేవాడు.

రెండోనాడు దిమ్మ పూర్తయింది, జెండా ఎగిరింది, ఫోటోలు తీశారు. మూడోనాడు అవతలి దేశం పడవ ఒకటి వచ్చింది. పడవలో ఇటుకలు, సిమెంటు బస్తాలు, నడుముకి తాపీ దోపుకున్న ఒక బక్క మనిషి. వాళ్లు కూడా మేస్త్రిని తెచ్చుకున్నారు. ఈ ఆఫీసర్లూ ఆ ఆఫీసర్లూ నీళ్ల మీద అరుచుకుంటుంటే, మేస్త్రీలిద్దరూ ఒకరి తాపీ ఒకరు చూసుకున్నారు. వాళ్ల తాపీకి పిడి పొడుగు. ఆ పడవ దిబ్బ చుట్టూ ఒకసారి తిరిగి వెళ్లిపోయింది. ఆ సాయంత్రమే ఓడ కూడా బయల్దేరింది. కాపలాకి ఒక్కరైనా ఉండరా అని పైడినాయుడు అడిగితే, ఉప్పునీళ్లు తాగి ఎవరుంటారు, జెండా ఉంటుంది కదా అన్నాడు భీమశంకరరావు.

ఊరొచ్చాక ఈ సంగతి పూర్ణా మార్కెట్ దగ్గర కూలీల అడ్డాలో చెప్పాడు. పొద్దున్నే పనికి పిలిచేవాళ్ల కోసం మేస్త్రీలూ కూలీలూ నిలబడే చోటది. టీ తాగుతూ ఎవరో ఒకరు రోజూ కదిపేవారు. పైడినాయుడు కాస్తా దిబ్బ నాయుడు అయిపోయాడు.

"ఏటి బావా, నీ దిబ్బకి ఈ ఏడు శిస్తు కట్టినావేటి?" అనేవాడొకడు.

"శిస్తెందుకురా, పీతలే పండుతాయి అక్కడ," అనేవాడు ఇంకొకడు.

ఇతను నవ్వి ఊరుకునేవాడు కాదు, వాదించేవాడు. మన ఊళ్లలో బంజరు దున్నుకుని నాలుగేళ్లు పంట తీస్తే పట్టా ఇవ్వమని అడుగుతాం, దేశాలకి మాత్రం వేరే న్యాయం ఉంటుందా అనేవాడు. దున్నితే కదా బావా అడగడం, నువ్వు రాయి పెట్టి వచ్చేశావు అనేవాళ్లు. రాయి పెట్టడం దున్నడం కన్నా ఎక్కువే అనేవాడు. మరి మీ అయ్య దున్నిన మెట్ట ఎలా పోయిందని ఎవరైనా అంటే మాత్రం టీ గ్లాసు అక్కడ పెట్టి లేచిపోయేవాడు.

సీతమ్మధారలో ఎన్ని ఇళ్లు కట్టాడో లెక్కలేదు. తను మాత్రం మార్కెట్టు వెనక అద్దె పోర్షనులోనే ఉన్నాడు. భార్య జబ్బు చేసి పోయాక ఒక్కతే కూతురు, గౌరీశ్వరి. ఆ పిల్ల చిన్నప్పుడు బడిలో మీకు భూమి ఉందా అని అడిగితే, మాకు సముద్రంలో ఉంది అని చెప్పొచ్చిందట.

ఇప్పుడు అబద్ధం దగ్గరికి వస్తున్నాను, నెమ్మదిగా రాసుకో.

భీమశంకరరావు రిటైరై సీతమ్మధారలో ఇల్లు కట్టుకున్నాడు. కట్టింది పైడినాయుడే. పదిహేనేళ్ల కిందట ఒకరోజు అక్కడ ప్రహరీ పగుళ్లు పూస్తుంటే, ఆయన పేపరు పట్టుకుని వరండాలోకి వచ్చాడు. నిలబడే చదివాడు. చదివి కళ్లజోడు తీశాడు.

"మన దిబ్బ లేదయ్యా పైడినాయుడూ. మునిగిపోయిందంట. మీద నుంచి ఫోటోలు తీస్తే ఒట్టి నీళ్లే ఉన్నాయంట."

పైడినాయుడు చేతిలో మాలు ఎండిపోయేదాకా అలాగే కూర్చున్నాడు. దిమ్మ కూడానా అని అడిగాడు. దిమ్మ దేని మీద నిలబడుతుందయ్యా అన్నాడాయన. పైడినాయుడు ఒక్కటే కోరాడు.

"ఈ సంగతి ఎవులితోటీ అనకండి బాబూ. మా అడ్డాలో అసలే అనకండి."

ఆయన సరేనన్నాడు. మాట నిలబెట్టుకున్నాడు కూడా. అడ్డాలో పేపరు చదివేవాడు లేడు, చదివినా అది నాయుడి దిబ్బేనని ఎవరికి తెలుస్తుంది? అలా దిబ్బ నీళ్లలో లేకుండా పోయింది, నాయుడి నోట్లో మాత్రం మిగిలింది. అప్పటికి అతనికి యాభై దాటాయి. అయ్య భూమి ఎలాగూ పోయింది. ఇల్లు లేదు. ఇది కూడా లేదని నలుగురిలో ఒప్పుకుంటే ఇంకేం మిగులుతుందని ఊరుకున్నాడు. ఆరోజు అది ఎవరికీ చేటు చేయలేదు.

ఆ తర్వాత మూడేళ్లకి గౌరీశ్వరికి పెళ్లయింది. పెళ్లికొడుకు వీరేంద్ర, ఫిషింగ్ హార్బరులో బోటు డ్రైవరు. మంచివాడు, నెమ్మదస్థుడు. దిబ్బ మాట వస్తే నవ్వని మనిషి అతనొక్కడే. ఆదివారం మావగారి దగ్గర కూర్చుని అన్నీ అడిగేవాడు. దిమ్మ ఎంత ఎత్తు, గొట్టం ఎంత దూరం నుంచి కనబడుతుంది, నది నీళ్లు ఏ వైపు నుంచి కొడతాయి, ఆ చుట్టుపట్ల చేప ఎలా ఉండేది. వినేవాడు దొరికేసరికి పైడినాయుడు పొంగిపోయాడు. సుద్దతో అరుగు మీద గీసి చూపించేవాడు. చూపిస్తున్నంతసేపూ ఆ గీసింది లేదని తెలుసు. ఒక్కోసారి చెప్పేద్దామని నోటిదాకా వచ్చేది. అల్లుడి ముఖం చూసి మింగేసేవాడు.

రెండేళ్ల కిందట వేట నిషేధం ఎత్తేసిన నెలలో మన తీరాన చేప పడలేదు. బోట్లు ఐసు కరగబెట్టుకుని ఖాళీగా తిరిగొచ్చాయి. రెండోసారి బయల్దేరేముందు, పొద్దున్నే జెట్టీ మీద నుంచి వీరేంద్ర మావగారికి ఫోన్ చేశాడు. పైడినాయుడు అప్పుడు అడ్డాలో ఉన్నాడు. చుట్టూ పదిమంది. ఎవరో లాక్కుని స్పీకరు నొక్కారు.

"మావా, ఓనరు బాగా ఉత్తరానికి ఎల్లమంతన్నాడు. మన నీళ్లు ఎంతవరకూ?"

అడ్డా అంతా నాయుడి వైపు చూసింది. ఒక్క గుక్క సేపు అతను మాట్లాడలేదు. ఆ గుక్కలోనే చెప్పి ఉండాల్సింది. దిబ్బ లేదురా నాయినా, నన్ను అడక్కు, తెలిసినోళ్లని అడుగు అంటే అయిపోయేది. నవ్వేవాళ్లు, అంతే కదా. అతను అనలేదు.

"నా దిబ్బ దాకా మనదే. దిమ్మ మీద గొట్టం దూరాన్నుంచే అగుపడతాది. అది అగుపడగానే బోటు తిప్పెయ్. దాటి ఎల్లకు నాయినా."

"అలాగే మావా," అన్నాడు వీరేంద్ర. అతని గొంతు నాయుడు విన్నది అదే ఆఖరు.

ఆ తర్వాతి సంగతి బోటులో పని చేసి తిరిగొచ్చిన కళాసీలు చెప్పిందే. ఏడు రోజులు వేటాడుతూ ఉత్తరంగా పోయారు. నీళ్లు బురదరంగులోకి మారాయి. చేప పడింది. బోటులో జీపీఎస్ పాతది, ఒకసారి చూపిస్తే ఇంకోసారి చూపించదు, ఆరోజు హద్దు దగ్గర పడిందని అదే పనిగా కూసింది. తిరిగిపోదాం అన్నారు కళాసీలు. వీరేంద్ర భయం లేదన్నాడు. మా మావ కట్టిన దిమ్మ ఇంకా కనబడలేదు, అది కనబడితే తిప్పేద్దాం, ఈ మిషను కన్నా ఆయన మాట నయం అన్నాడు. పైకెక్కి కళ్లమీద చెయ్యి అడ్డం పెట్టుకుని దిమ్మ కోసం వెతుకుతూ నిలబడ్డాడు. అలా వెతుకుతుండగానే అవతలి దేశం కాపలా ఓడ వచ్చి పక్కన ఆగింది.

ఎనిమిదిమందినీ తీసుకుపోయి జైల్లో వేశారు. ఇక్కడ కుటుంబాలు ఆఫీసుల చుట్టూ తిరిగాయి, అర్జీలు పెట్టాయి, ఫోటోలు పట్టుకుని కూర్చున్నాయి. నాలుగో నెలలో వీరేంద్రకి పచ్చకామెర్లు వచ్చాయి. ఆసుపత్రిలో వేశారట, మందులూ ఇచ్చారట, నిలవలేదు. పెట్టెలో తెచ్చారు. గౌరీశ్వరి ఆ పెట్టె మీద అంటించిన కాగితాన్ని గోటితో గీకుతూ కూర్చుంది. అతను చనిపోయిన చోటు పేరు ఆ కాగితంలో రాసి ఉంది, ఆమెకి ఆ అక్షరాలు రావు.

మిగతా ఏడుగురూ ఏడో నెలలో విడుదలై వచ్చారు. అప్పుడు బయటపడింది దిబ్బ సంగతి. ఆ ఏడుగురిలో ఒకతని భార్య మంగాయమ్మ, నోరు పెద్ద మనిషి, హార్బరు గేటు దగ్గరే గౌరీశ్వరిని పట్టుకుంది.

"నీ మొగుడు మావగారి దిబ్బ ఎతకడానికి మా ఆళ్లని జైల్లో ఏయించినాడు. నేని దిబ్బకి ఎవులైనా ఎల్తారేటి? పిచ్చోడు కాపోతే."

గౌరీశ్వరి ఇంటికొచ్చి తండ్రి ముందు నిలబడింది.

"నానా, దిబ్బ ఉందా?"

"ఉండేదమ్మా."

"ఉండేదంటే?"

పైడినాయుడు తల వంచుకున్నాడు. పేపరులో వచ్చిన సంగతి అప్పుడైనా రాలేదు నోటికి. ఆమె ఇంకో రెండు నిమిషాలు నిలబడి చూసింది. అసలు దిబ్బే లేదని, చిన్నప్పటి నుంచి తనకీ తర్వాత తన మొగుడికీ ఈయన కల్లబొల్లి కథలు చెప్పాడని, ఆ కథ నమ్మిన పిచ్చివాడు తన మొగుడని, ఆ మౌనాన్ని బట్టి అనుకుంది. వారంలో కూతురు కీర్తనని తీసుకుని అచ్యుతాపురం వెళ్లిపోయింది. అక్కడ బట్టల ఫ్యాక్టరీలో షిఫ్టు పని, ఒక గది. తండ్రి ఫోన్ చేస్తే ఎత్తలేదు.

పైడినాయుడు భీమశంకరరావు దగ్గరికి వెళ్లాడు. ఆయనకి అప్పటికి ఎనభై దాటాయి, గట్టిగా చెబితే గాని వినబడదు. దిబ్బ మునిగిపోకముందు ఎవరిది బాబూ అని అడిగాడు. మనం మాదన్నాం, వాళ్లు మాదన్నారు, తేలకుండానే మునిగిపోయింది అన్నాడాయన. రాయి పెట్టాను కదా అన్నాడు ఇతను.

"రాయి పెడితే సరిపోదయ్యా. ఉండాలి. అక్కడ పుట్టినవాడి పేరు రాసుకోవాలి, చచ్చినవాడి పేరు రాసుకోవాలి. తగువొస్తే తీర్చేవాడు ఉండాలి. మనం జెండా కట్టి, ఫోటో తీసుకుని, భోజనం వేళకి ఓడెక్కేశాం. వాళ్లూ చుట్టూ తిరిగి వెళ్లిపోయారు. ఎవరు మాత్రం ఉన్నారు గనక, ఎవరిదనడానికి?"

తర్వాత ఇంకోటి కూడా చెప్పాడు. దిబ్బ మునిగిన నాలుగైదేళ్లకి పరదేశంలో పెద్ద కోర్టు కూర్చుని ఆ నీళ్లని గీత గీసి రెండు దేశాలకీ పంచిందట. నాయుడు దిబ్బ ఉన్న చోటు ఎవరి వైపు పడిందని అడిగాడు. భీమశంకరరావు కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు.

"మన వైపే పడిందయ్యా. దిబ్బ దాకా మనది. దాటితే వాళ్లది. నువ్వు అల్లుడికి చెప్పింది అక్షరాలా నిజమే."

అది విన్నాక పైడినాయుడు లేచి బయటికొచ్చాడు. తను కట్టిన ప్రహరీ గోడనే పట్టుకున్నాడు. చెప్పిన హద్దు నిజం. ఆ హద్దు దగ్గర ఆగమన్నాడు, అదీ నిజం. ఆగడానికి గుర్తే అక్కడ లేదు. లేదని తన ఎరికలో ఇద్దరికే తెలుసు, అందులో ఒకడు తను. వీరేంద్ర ఆ చోటు మీదుగా బోటు నడుపుకుంటూ, గుర్తు ఇంకా రాలేదు, ఇంకా మన నీళ్లలోనే ఉన్నాం అనుకుంటూ ముందుకి పోయాడు. మావగారి మాట జవదాటలేదు. ఎప్పుడూ జవదాటేవాడు కాదు.

మర్నాటి నుంచి పైడినాయుడు ఆ ఏడుగురి ఇళ్లకీ వెళ్లాడు. రోజుకి ఒక ఇల్లు. గుమ్మంలో నిలబడి, లోపలికి రమ్మన్నా వెళ్లకుండా, ఒకే మాట చెప్పాడు. దిబ్బ ఉండేది, మునిగిపోయింది, అది నాకు ముందే తెలుసు, తెలిసీ దాని గుర్తు చెప్పి పంపాను, వీరేంద్రది తప్పు లేదు. ఒక ఇంట్లో తలుపేసుకున్నారు. ఒక ఇంట్లో కాలరు పట్టుకున్నారు. రెండిళ్లలో కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చారు, అది ఇంకా కష్టంగా ఉందని చెప్పాడు. మంగాయమ్మ చేపలు ఎండేస్తూ విన్నది. చేతిలో చేప చేతిలోనే ఉండిపోయింది.

"ఇప్పుడా సెప్తన్నావు బాబూ? ఆడి మీద నాను ఎన్నేసి మాటలన్నాను. ఇప్పుడు అయ్యన్నీ ఎవులికి అప్పసెప్పను?"

ఏడిళ్లయ్యాయి. చెప్పాల్సిన ఎనిమిదో గుమ్మం అచ్యుతాపురంలో ఉంది.

మూడుసార్లు వెళ్లాడు. మొదటిసారి ఫ్యాక్టరీ గేటు దాకా పోయి, షిఫ్టు వదిలిన ఆడవాళ్ల గుంపులో ఫ్యాక్టరీ టోపీ పెట్టుకున్న ఆమెని గుర్తుపట్టి, వెనక్కి తిరిగొచ్చేశాడు. రెండోసారి ఆమె గది ఉన్న వీధి చివర కూర్చున్నాడు, కీర్తన బడి నుంచి వచ్చి అతన్ని చూసి చెయ్యి ఊపి లోపలికి పోయింది, తల్లి మాత్రం బయటికి రాలేదు. మూడోసారి మిట్టమధ్యాహ్నం ఎండలో గేటు పక్కన నిలబడి ఉంటే గౌరీశ్వరే చూసింది. దగ్గరికొచ్చింది. ఏడాది మీద మూడు నెలలైంది ఆమె అతని ముఖం వైపు చూసి.

"ఎండలో ఏటి నానా? మందులు ఏసుకుంటన్నావా?"

బడ్డీలో టీ ఇప్పించింది. చొక్కా మీద సున్నం మరక అంటుకుంటే కొంగుతో తుడిచింది. కీర్తన లెక్కల్లో బాగా చదువుతోందని చెప్పింది. దిబ్బ మాట ఎత్తలేదు. ఆ అరగంటా పైడినాయుడికి చెప్పాల్సిన మాట గొంతులోనే ఉంది. చెబితే ఈ చెయ్యి మళ్లీ ఇలా చొక్కా మీదకి రాదని భయం. ఆరోజు ఫోన్లో చేసిన పనే మళ్లీ చేశాడు. ఊరుకున్నాడు. బస్సొచ్చింది, ఆమె ఎక్కించింది, ఇతను ఎక్కాడు.

మళ్లీ వెళదామనుకుంటూనే మన ఇంట్లో మంచం పట్టాడు. కార్తీకంలో పోయాడు. ఆఖరి పది రోజులూ నోరు తిరిగినప్పుడల్లా ఈ సంగతే చెప్పాడు, నువ్వు రాసింది అతని మాటే. బావా, నువ్వైనా సెప్పు అన్నాడు. గౌరీశ్వరి వచ్చింది, తండ్రికి చెయ్యాల్సినవి దగ్గరుండి చేయించింది, పన్నెండో రోజు అయ్యాక బస్సెక్కి వెళ్లిపోయింది. ఆ పన్నెండు రోజుల్లో ఆమె ఎదురుగా కూర్చుని చెప్పే గుండె ఈ ఇంట్లో ఎవరికీ లేకపోయింది. ముసలివాళ్లకీ లేదు, వయసులో ఉన్నవాళ్లకీ లేదు. అందుకే ఈ రాయించడం.

అచ్యుతాపురంలో ఆమె ఇంకా తన మొగుడు లేని దిబ్బని నమ్మి పోయిన పిచ్చివాడనే అనుకుంటోంది. కీర్తనకీ ఎప్పుడో అదే చెబుతుంది. తండ్రి మీద కోపం ఉంటే ఉండనీ, అది ఆమె ఇష్టం. ఇది తెలిస్తే ఆ కోపం పెరుగుతుందేమో కూడా. కానీ వీరేంద్ర పిచ్చివాడు కాదు. ఉండి మునిగిపోయిన చోటు కోసం, చెప్పిన హద్దు దగ్గర ఆగుదామనే వెతికాడు.

ఆదివారం ఆమెకి షిఫ్టు ఉండదు. ఈ కాగితాలు తీసుకుని వెళ్లి గౌరీశ్వరికి చదివి వినిపించు నీలిమా. ఫోన్లో వద్దు, ఎదురుగా కూర్చుని చదువు. దిబ్బ మునిగిందని అతనికి ముందే తెలుసు అన్న చోట గొంతు తగ్గించకు, ఆగకు. అయ్యాక నువ్వేమీ అనకు. ఉండమంటే ఉండు, వెళ్లమంటే లేచి వచ్చేయ్.